కిటికీ కింది రేకు

ఎమెట్ హాస్కెల్ చేతులకి మోచేతుల దాకా రబ్బరు తొడుగులు ఉన్నాయి. కుడిచేతిలో ప్లాస్టిక్ గరిటె. ట్రైలర్ ముక్కు మీద గంట కిందట పూసిన మందు పని చేసి, పాత పైపూత మరిగిన పాల మీద మీగడలా ముడతలు పడింది. ముడత కింద గరిటె దూర్చి మెల్లగా కిందికి లాగితే పొరకి పొర ఊడి, నేల మీద పరిచిన పట్టా మీద పడుతోంది. ఇనుప గరిటెతో అయితే ఈ పని సగం సేపట్లో తేలిపోతుంది. కానీ అల్యూమినియం మీద ఇనుము గీసిన గీత ఇక పోదు. అందుకే ఎమెట్ సామాన్ల పెట్టెలో ఇనుప గరిటె అన్నదే లేదు.

"నువ్వలా గీకుతుంటే నా ఒళ్లే గీకుతున్నట్టుంది నాయనా," అంది వెల్డా ట్రాస్క్. మడత కుర్చీలో కాఫీ కప్పు పట్టుకుని కూర్చుంది. ఎవరినైనా ఆమె పిలిచే పిలుపు అదే.

"మీ ఒళ్లయితే ఇంత జాగ్రత్తగా గీకను మేడమ్. ఇది అరవై ఒకటి మోడలు."

"నేను దానికంటే రెండేళ్లు పెద్ద. నాకేం మర్యాద లేదా?"

"మీకు పైపూత లేదుగా!"

వెల్డా కాఫీ ఒలికేలా నవ్వింది. కాన్సాస్‌లో ఒక బడి వంటగదిలో ముప్పై ఒక్క ఏళ్లు గరిటె తిప్పిన మనిషి ఆమె. పుట్టినప్పటి నుంచీ అద్దె ఇళ్లే. ఉద్యోగం మానేశాక ఈ ట్రైలర్ కొనుక్కుని, చలికాలం గడపడానికి అరిజోనాలో బెన్సన్ పక్కన ఉన్న మెస్కీట్ బెండ్ పార్కుకి లాక్కొచ్చింది. ఇది తన ఇల్లు అని ఆమె చెయ్యి వేసి చెప్పగలిగినది ఇదొక్కటే. చెయ్యి వేసేది కూడా. లోపలికి వెళ్తూ ఒకసారి, బయటికి వస్తూ ఒకసారి, ఆవు వీపు తట్టినట్టు దాని పక్క తట్టేది. మూడు వారాల్లో పాత ట్రైలర్ల మేళా ఉంది. అక్కడికి అది అద్దంలా మెరుస్తూ వెళ్లాలని ఆమె ఆశ.

ఆ పక్కనుంచి గోల్ఫ్ బండిలో పోతున్న రూఫీనో ఆర్చులెటా ఆగాడు. టూసాన్ దగ్గర పాత విమానాలు నిలబెట్టే మైదానంలో ఇరవై తొమ్మిదేళ్లు రేకులు విప్పి, రేకులు బిగించిన మనిషి. బండి దిగకుండానే ట్రైలర్‌ని పై నుంచి కింది దాకా చూశాడు.

"ఒరే ముసలోడా, ఆ వంటగది కిటికీ కింది రేకు చూశావా?"

"నాకూ కళ్లున్నాయిలే."

"కళ్లతో కాదు, వేలు పెట్టి చూడు. నీకంటే ముందే ఎవడో దాని మీద గట్టిగా పాలిష్ మిషను తిప్పాడు. పొర పల్చబడింది. అదొక్కటీ చేత్తో చెయ్యి."

"నువ్వు విమానాలు విప్పినోడివి రూఫీనో. నేను మెరిపించేవాణ్ణి. రెంటికీ చాలా తేడా ఉంది."

"ఉంది కంపాద్రే, ఉంది నేస్తం. విప్పినోడికి లోపల ఏముందో తెలుస్తుంది," అని రూఫీనో బండి కదిలించాడు.

రూఫీనో చెప్పిన పొర సంగతి ఎమెట్‌కి తెలియనిది కాదు. ఆ కాలపు రేకు ఒకే లోహం కాదు. నడుమ గట్టి మిశ్రమ లోహం, దానికి రెండు వైపులా అచ్చమైన అల్యూమినియం పొర. ఆ పొర వెంట్రుక మందం కూడా ఉండదు. మెరిసేది అదే, ఎండకీ వానకీ ఓర్చుకునేదీ అదే. అది అరిగిపోతే కింద బయటపడే లోహం బూడిదరంగులో ఉంటుంది. ఎంత తోమినా అందులో ముఖం కనబడదు. కొన్నేళ్లకి తెల్లగా పొడి రాలుతూ చివికిపోతుంది.

ఇదంతా ఎమెట్‌కి ఎవరూ నేర్పలేదు. అతను విస్కాన్సిన్‌లో ఇరవై ఆరేళ్లు పాల ట్యాంకరు నడిపాడు. తర్వాత ఒక దెబ్బతిన్న ట్రైలర్ కొని, దాని రేకుల మీదే చెయ్యి కాల్చుకుంటూ నేర్చుకున్నాడు. ఏ పాలిష్ ముద్దతో మొదలుపెట్టాలి, ఏ ముద్దతో ముగించాలి, మిషను ఎంత వేగంగా తిప్పాలి, రుద్దగా వచ్చే నల్లటి జిడ్డుని మొక్కజొన్న పిండి చల్లి ఎలా తుడవాలి, అన్నీ తన బండి మీద తప్పు చేసి తెలుసుకున్నవే. పార్కులో శనివారం ఉదయం అందరూ కలిసే కాఫీ దగ్గర అతను తరచూ అనే మాట ఒకటుంది: "నా రేకులు పాడుచేసుకున్నాను గానీ, పరాయివాళ్ల రేకు ఒక్కటి పాడుచెయ్యలేదు." మాట నిజమే. అనే తీరే కాస్త ఎక్కువ. కిందటేడు లయల్ అనే రిటైరైన పళ్ల డాక్టరు తన ట్రైలర్‌ని ఇనుప పీచుతో తోమితే, వాన పడ్డాక ఒళ్లంతా తుప్పు చుక్కలు లేచాయి. అప్పుడు ఎమెట్ కాఫీ తాగుతున్న వాళ్లనందరినీ లేపి, "పదండి, చూసొద్దాం," అని వెంటబెట్టుకుని తీసుకెళ్లాడు. లయల్ ఆ రోజంతా బయటికి రాలేదు.

పూత ఊడదీసి, కడిగి, ఆరబెట్టాక మిషను పని మొదలైంది. వారం రోజులు ముక్కు, పైకప్పు అంచు, కుడి పక్క. ఒక్కో రేకూ మబ్బు విడిచినట్టు తేటపడుతూ వచ్చింది. వెల్డా ప్రతి సాయంత్రం కొత్తగా మెరిసిన చోట తన ముఖం చూసుకుని జుట్టు సర్దుకునేది.

సోమవారం మధ్యాహ్నం కిటికీ కింది రేకు వంతు వచ్చింది. దాని అంచు వెంట పురుగు పాకినట్టు సన్నటి తెల్లటి చారలున్నాయి, పాత పూత కింద చేరిన చెమ్మ తిన్నవి. చేత్తో తియ్యాలంటే రెండు రోజులు. మర్నాడు దుమ్ముగాలి వస్తుందని రేడియోలో చెప్పారు. పైగా చేత్తో తీస్తే రూఫీనో మాట విన్నట్టు అవుతుంది. ఆ ఆలోచన తనకి వచ్చిందని ఎమెట్ అప్పుడు ఒప్పుకోలేదు, తర్వాత ఒప్పుకున్నాడు. మిషనుకి ఉప్పుకాగితం బిళ్ల తగిలించాడు. ఒక్క నిమిషం అనుకున్నాడు. చారలు పోతుంటే చేతికి హుషారు వచ్చింది. ఐదు నిమిషాలైంది.

ముద్ద రాసి, తిప్పి, పిండి చల్లి తుడిచాడు. చారలు లేవు. వాటి చోట అన్నం పళ్లెమంత బూడిదరంగు మచ్చ ఉంది.

ఇంకాస్త సన్నటి ముద్ద పెట్టి రుద్దాడు. మచ్చ ఇంకో అంగుళం పెరిగింది. మిషను ఆపేశాడు. వెల్డా బట్టలు ఉతకడానికి వెళ్లింది. చుట్టూ ఎవరూ లేరు. ఎమెట్ డబ్బా తీసి ఆ రేకంతా మైనం పూసి, గుడ్డతో మెరుగు పెట్టాడు. సాయంత్రపు నీడలో మచ్చ కనబడలేదు. సామాన్లు సర్దుకుని, ఆమె తిరిగి రాకముందే వెళ్లిపోయాడు. ఇరవై ఏళ్లలో సెలవు చెప్పకుండా పని దగ్గర్నుంచి వెళ్లడం అతనికి అదే మొదలు.

వస్తుందన్న దుమ్ముగాలి రాలేదు. మంగళవారం పది గంటలకి అతను వచ్చేసరికి ఎండ సరిగ్గా ఆ రేకు మీద పడుతోంది. వెల్డా దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. పక్కనే చిన్న బాల్చీ, గిన్నెలు తుడిచే గుడ్డ.

"నాయనా, నేను పాడుచేశాను," అంది. "పొద్దున్న బయటి పొయ్యి మీద గ్రేవీ చేశాను. రెండు చుక్కలు చిందితే వెనిగర్ నీళ్లతో తుడిచాను. చూడు ఏమైందో! ఇంత కష్టపడి చేశావు, నేను ఒక్క గుడ్డతో..."

ఆమె ఏడ్చింది. ఎమెట్ ఆమె పక్కన నిలబడి ఉన్నాడు. నిజం అతని నాలుక మీదే ఉంది. దాన్ని మింగి, "వెనిగర్ ఒక్కోసారి అలా చేస్తుంది మేడమ్. పెద్దగా కనబడదులెండి," అన్నాడు.

అన్నాక ఆ మాట అతని చెవికే పరాయివాడి మాటలా వినబడింది.

ఆ రోజు నుంచి వెల్డా ట్రైలర్‌ని ముట్టుకోవడం మానేసింది. పొయ్యిని పది అడుగుల దూరం జరిపింది. తలుపు తియ్యాలంటే నూలు తొడుగులు వేసుకుంది, చేతిలో గిన్నెలుంటే మోచేత్తో నెట్టింది. తట్టడం లేదు. ఎమెట్ ఎడమ పక్క పాలిష్ చేస్తున్నంత సేపూ ఆమె దూరంగా బల్ల దగ్గర కూర్చుని, "నన్ను దగ్గరికి రానివ్వకు నాయనా," అనేది. అది పరిహాసం అనుకుందామంటే నవ్వు లేదు. లాండ్రీ గదిలో, ఉత్తరాల పెట్టెల దగ్గర, కనబడిన వాళ్లందరికీ తనే చెప్పింది: "ఎమెట్‌ని ఏమీ అనకండి. బంగారంలాంటి పని చేశాడు. నేనే బుద్ధి లేక గిన్నెల గుడ్డ పెట్టాను."

బుధవారం రూఫీనో వచ్చాడు. మచ్చ ముందు వంగి, బొటనవేలితో ఒకసారి రాశాడు. ఆమె వెనిగర్ కథ మొదటి నుంచి చివరి దాకా చెబుతుంటే విన్నాడు. ఎమెట్ వైపు ఒక్కసారి చూశాడు. "సరేనమ్మా," అని బండెక్కి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బావుండేదని ఎమెట్‌కి అనిపించింది.

గురువారం సాయంత్రం పని ఆపేశాక ఎమెట్ నడుచుకుంటూ రూఫీనో షెడ్డుకి వెళ్లాడు. రూఫీనో బీన్సు గింజల్లో రాళ్లు ఏరుతున్నాడు. తల ఎత్తలేదు.

"విల్‌కాక్స్ దగ్గర బోల్తాపడ్డ ట్రైలర్ ఒకటి తెచ్చి పెట్టుకున్నావు కదా," అన్నాడు ఎమెట్. "అది కూడా అరవై ఒకటిదే."

"అరవై రెండుది. రేకు మాత్రం అదే."

"ఒక రేకు కావాలి. బిగించడానికి నువ్వు కూడా కావాలి. రేకుల్ని కలిపి పట్టే రివెట్లు కొట్టడం నాకు రాదు."

"గిన్నెల గుడ్డ భలే గట్టిదే! రేకు పొర తినేసిందంటే, ఆ గుడ్డ ఎక్కడ అమ్ముతారో కనుక్కోవాలి."

రూఫీనో ఒక రాయి ఏరి బయటికి విసిరాడు.

"ఆవిడకి చెప్పావా?"

"లేదు. రేకు మార్చేశాక..."

"మార్చేశాక చెప్తే అది చెప్పడం కాదు, గొప్ప చూపించుకోవడం. ముందు చెప్పు. రివెట్టు కొట్టేటప్పుడు బయట ఒకడు, లోపల ఒకడు ఉంటారు. ఒకడు చేసేది ఒకడికి కనబడదు. అబద్ధం ఆడినోడితో నేను ఆ పని చెయ్యను."

శుక్రవారం ఉదయం వెల్డా బల్ల దగ్గర బంగాళాదుంపలు తరుగుతోంది. ఎమెట్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మేడమ్, ఆ మచ్చ మీరు చేసింది కాదు."

"ఊరుకో నాయనా, ఓదార్చకు."

"ఓదార్పు కాదు. సోమవారం నేను మిషనుకి ఉప్పుకాగితం తగిలించాను. చేత్తో చెయ్యమని రూఫీనో చెప్పినా వినలేదు. పొర తినేశాను. మీరు గుడ్డ పెట్టేసరికే అది ఉంది. పైన మైనం రాసి కనబడకుండా చేశాను."

కత్తి ఆగింది. "మంగళవారం నేను ఏడ్చినప్పుడు నువ్వెక్కడ ఉన్నావు?"

"మీ పక్కనే."

"నా పక్కనే నిలబడి వెనిగర్ అలా చేస్తుందన్నావు."

"అన్నాను."

వెల్డా చాలాసేపు అతని ముఖంలోకి చూసింది. ఎమెట్ చూపు దించలేదు, దించడం తేలికని తెలుసు కనుక.

"ఆరొందల మంది పిల్లలకి వండాను. గ్రేవీ మాడితే, నేను మాడ్చాను, ఈ పూట వెన్న రాసుకు తినండి అని వాళ్ల ముందే నిలబడి చెప్పాను. ఏడేళ్ల పిల్లలు కూడా సరేనన్నారు. నీకు నేను ఆ మాత్రం పిల్లనైనా కాకపోయానా?" ఆమె గొంతు పెద్దది కాలేదు. "రేకు పోతే పోయింది. నాకు బుద్ధి లేదని నేను పదకొండు మందికి చెప్పాను. నేను మర్చిపోలేదు ఎవరెవరో. వెళ్లి ఆ పదకొండు మంది దగ్గరా నా బుద్ధి నాకు తెచ్చిపెట్టు. తర్వాత రేకు సంగతి చూద్దాం."

శనివారం కాఫీ దగ్గర ఆ పదకొండు మందితో కలిపి పాతికమంది ఉన్నారు. డోనట్ల పెట్టెలు తెరిచి ఉన్నాయి. ఎమెట్ కూర్చోకుండా నిలబడటం చూసి లయల్, "ఏంటి ఎమెట్, ఇవాళ ఎవరి రేకు మీద పాఠం?" అన్నాడు. కొందరు నవ్వారు.

"నేను చేసిన దాని మీద," అన్నాడు ఎమెట్. చెప్పాడు. ఉప్పుకాగితం, మైనం, వెనిగర్ మాట, అన్నీ. మధ్యలో ఒకసారి ఆగి, నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టాడు. "వెల్డా గారి గుడ్డ తప్పు ఏమీ లేదు. ఆవిడ చెప్పినది నమ్మిన వాళ్లు నమ్మకం మార్చుకోండి," అని ముగించాడు.

ఎవరూ డోనట్ ముట్టుకోలేదు. లయల్ కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

"పదండి," అన్నాడు. "చూసొద్దాం."

ఎమెట్‌కి చెవులు వేడెక్కాయి. పాతికమందీ కాఫీ కప్పులతో బయలుదేరితే, దారి చూపిస్తూ అతనే ముందు నడిచాడు. వెల్డా మెట్టు మీద చేతులు కట్టుకుని నిలబడింది. లయల్ కళ్లజోడు పైకి ఎత్తి మచ్చని దగ్గర్నుంచి చూశాడు.

"నలభై ఏళ్లు ఇవే చూశాను," అన్నాడు. "పంటి మీద పొర కూడా ఇంతే. పోయాక ఎన్ని కబుర్లు చెప్పినా రాదు." తర్వాత ఎమెట్ వైపు తిరిగి, గొంతు తగ్గించి, "నేను ఆ రోజు తలుపు వెనకాలే నిలబడి అన్నీ విన్నాను, తెలుసా?" అన్నాడు.

"తెలీదు," అన్నాడు ఎమెట్. "నేను ముందు తలుపు తట్టి ఉండాల్సింది."

"తట్టి ఉండాల్సింది," అని లయల్ కాఫీ తాగాడు.

ఆదివారం పని మొదలైంది. లోపల వంటగది అలమర విప్పి, లోపలి గోడ తీసి, పాత రివెట్ల తలలు తొలిచి, మచ్చ రేకుని కిందికి దించారు. విల్‌కాక్స్ రేకుని దాని కొలతకి కత్తిరించారు. పై అంచు పై రేకు కిందికి, కింది అంచు కింది రేకు మీదికి రావాలి, లేకపోతే వాన నీళ్లు లోపలికి నడుస్తాయి. అతుకుల మధ్య జిగురు పట్టించారు. ఇవన్నీ రూఫీనో చెప్పాడు, ఎమెట్ చేశాడు. ఎదురు మాట లేదు.

లోపల ఇనుప దిమ్మ పట్టుకోవడానికి ఎమెట్ దూరబోతే భుజాలు పట్టలేదు. సింకు పక్కన సందు సన్నగా ఉంది.

"నేను పడతాను," అంది వెల్డా.

"బరువు ఉంటుందమ్మా," అన్నాడు రూఫీనో.

"ఇరవై కిలోల పిండి బస్తాలు ఎత్తిన చేతులివి. ఏం చెయ్యాలో చెప్పు."

రూఫీనో చెప్పాడు. బయట తను గాలితో కొట్టే రివెట్ల తుపాకీతో రివెట్టు తల మీద కొడతాడు. లోపల ఆమె దాని తోకకి దిమ్మ ఆనించి గట్టిగా అదిమి పట్టాలి, తోక చదునై రేకుల్ని పట్టుకుంటుంది. ఒకరికొకరు కనబడరు కనుక మాటలకి బదులు దిమ్మతో తట్టాలి. ఒక్క తట్టు తడితే ఇంకొంచెం కొట్టమని. రెండు తడితే బావుందని. మూడు తడితే చెడిపోయింది, తీసెయ్యమని.

ఆమె నూలు తొడుగులు తీసి జేబులో పెట్టుకుని సందులోకి దూరింది. మొదటి రివెట్టుకి తుపాకీ గర్జించి ఆగింది. లోపల్నుంచి మూడు తట్లు.

"వంకరగా పడుకుంది ఇది," అని లోపల్నుంచి కేక.

"నా బుద్ధిలాగా," అన్నాడు ఎమెట్. తొలిచే మిషను తీసుకున్నాడు. చెడిన రివెట్లు తీసే పని అతనిది.

"నీ బుద్ధి ఇంతకంటే వంకర, పని చూడు," అంది ఆమె.

మధ్యాహ్నానికి ఆమె చెయ్యి కుదిరింది. తుపాకీ ఆగడం, రెండు తట్లు, మళ్లీ తుపాకీ, రెండు తట్లు. తొంభై నాలుగు రివెట్లలో పదకొండు చెడ్డాయి. పదకొండూ ఎమెట్ తీశాడు. ప్రతి మూడు తట్లకీ అతని మెడ ముందుకు వంగేది.

తర్వాత మూడు రోజులూ ఎమెట్ కొత్త రేకుని చేత్తోనే చేశాడు. మిషను పెట్టెలోంచి తియ్యలేదు. మెత్తటి గుడ్డ వేళ్లకి చుట్టుకుని, అరచేయంత మేర ముద్ద రాసి, రేకులోని సన్నటి గీతలు ఏ వైపు సాగాయో ఆ వైపే రుద్దాడు. పిండితో తుడిచి, మళ్లీ రాసి, మళ్లీ రుద్దాడు. భుజం పట్టేస్తే ఎడమ చేత్తో చేశాడు. ఎంత చేసినా ఆ రేకు పక్క వాటి కంటే ఒక చాయ తక్కువగా మెరిసింది. వేరే బండి మీద, వేరే ఎండలో పెరిగిన రేకు అది. దాన్ని ఇంకా రుద్ది కలపాలని చూస్తే ఏమవుతుందో అతనికి తెలుసు. అక్కడితో ఆపాడు. ఆఖరున ట్రైలర్ అంతా కడిగి, ఆరనిచ్చి, గాలికీ వానకీ ఆగే పల్చటి రక్షణ పూత రెండు పొరలు వేశాడు. ఒక పొర ఆరాక మరొకటి.

బుధవారం సాయంత్రం ఆమెని పిలిచాడు. "అయిపోయింది మేడమ్. చూసుకోండి."

వెల్డా చుట్టూ ఒకసారి తిరిగింది. కిటికీ దగ్గర ఆగింది.

"ఇది కొంచెం తేడాగా ఉంది."

"ఉంది. ఇంతకంటే కలవదు. కలిపి చూపించాలంటే పొర తియ్యాలి."

"వద్దు."

అతను ఒక డబ్బా, నాలుగు మెత్తటి గుడ్డలు ఆమె చేతికి ఇచ్చాడు. "దుమ్ముంటే ముందు నీళ్లతో కడగండి, పొడిగా తుడవకండి. గిన్నెల సబ్బు వాడొచ్చు, చుక్క చాలు. ఆరు నెలలకోసారి ఈ పూత. చిందితే వెంటనే కడిగెయ్యండి. భయపడక్కర్లేదు, మీ చెయ్యి తగిలితే ఏమీ కాదు దీనికి."

"మేళాలో ఎవరు చేశారని అడుగుతారు."

"అడిగితే చెప్పండి. ఆ రేకు సంగతి కూడా చెప్పండి."

"అడక్కపోయినా చెబుతాను," అంది వెల్డా. నవ్వలేదు. కోపంగానూ లేదు. "నీ మీద నాకు ఇంకా పూర్తిగా పోలేదు నాయనా. మార్చి దాకా పడుతుందేమో."

"పట్టనివ్వండి," అన్నాడు ఎమెట్.

పని జరిగేటప్పుడు బండి కదలకుండా తను టైర్లకి అదనంగా అడ్డం పెట్టిన చెక్కలు తీసి అతను పక్కన పేర్చాడు, తన పట్టా మడిచాడు. పని కోసం ఆమె ఇచ్చి ఉంచిన తలుపు తాళంచెవి జేబులోంచి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె దాన్ని పిడికిట్లో పట్టుకుని, డబ్బా చంకలో పెట్టుకుని, తొడుగు లేని రెండో చేత్తో తలుపు తీసుకుని లోపలికి వెళ్లింది.